ఆకాశమందు మరెవరైనా ఉన్నారా?



ఈ నెల మేము గ్రహములను గూర్చి వ్రాయుచున్నాము. పల్లెటూరి సంఘకాపరికి గ్రహములతో ఏమి పని అని మీలో కొందరు అనుకొనవచ్చును. మేమును ఒకప్పుడు అట్లే అనుకొన్నాము. అట్లు అనుకొన్నందువలన మా సంఘములో ఒక ఇంటివారికి నొప్పి కలిగించాము. ముందు ఆ సంగతి చెప్పుకొంటే గాని మిగిలినది వ్రాయలేము.

2012 వేసవిలో మా ఊరిలో పిల్లలకు వి.బి.ఎస్. జరుగుచున్నది. మేము ఈ సంఘమునకు వచ్చి అప్పటికి రెండేండ్లు. మందిరపు వరండాలో చాపలు పరచి, నలభై మంది పిల్లలను కూర్చుండబెట్టి సృష్టి పాఠము చెప్పుచున్నాము. నాలుగవ దినము దగ్గరకు వచ్చేసరికి తొమ్మిదవ తరగతి చదివే ఒక పిల్లవాడు చెయ్యి ఎత్తాడు. వాళ్ళ నాన్న కౌలు రైతు. ఆరాధనలో కానుకల సంచి పట్టేది ఆయనే. పిల్లవాడి ఒడిలో ఒక పాత నోటుపుస్తకము ఉన్నది. వార్తాపత్రికలలో నుండి కత్తిరించిన బొమ్మలను అన్నము మెతుకులతో అందులో అంటించుకొన్నాడు.

"అయ్యగారండీ, రెండు సూర్యుళ్ళున్న గ్రహం ఒకటి కనిపెట్టారంటండి. అలాంటివి ఇంకా చాలా ఉన్నాయంట. అక్కడ మనుషులుంటే యేసయ్య వాళ్ళ కోసం కూడా చనిపోయినట్టేనాండీ? లేకపోతే అక్కడికెళ్ళి మళ్ళీ చనిపోవాలాండీ?"

పిల్లలంతా గొల్లున నవ్వారు. మాకు జవాబు తెలియదు. తెలియదని చెప్పడానికి నామోషీ. "బైబిల్లో లేని సంగతులు మనకెందుకురా, కూర్చో" అని కసిరాము. అంతటితో ఊరుకొన్నా బాగుండేది. సాయంకాలము వాళ్ళ నాన్న కాలువ గట్టు మీద ఎదురుపడితే, "మీవాడికి అతితెలివి ఎక్కువవుతోంది, ఆ పుస్తకమేమిటో కాస్త చూసుకో" అని కూడా అన్నాము. ఆయన ఆ రాత్రే దానిని పొయ్యిలో పెట్టాడట. ఆ మాట మాకు నెల దినముల తరువాత తెలిసినది. నిజము చెప్పవలెనంటే, విని బాధపడలేదు. కాపరి మాటకు విలువ ఇచ్చే తండ్రి అని లోలోపల సంతోషించాము.

పిల్లవాడు పదవ తరగతి వరకు తల్లి వెంట మందిరానికి వచ్చాడు. ఇంటర్మీడియట్‌కు పట్నము వెళ్ళిన తరువాత రాలేదు. క్రిస్మస్‌కు ఊరికి వచ్చినా మందిరము మెట్టు ఎక్కలేదు.

2025 ఏప్రిల్. శ్రమల వారము. గుడ్ ఫ్రైడే నాడు ఏడు మాటల ధ్యానము ముగించి మేము బయటకు వచ్చేసరికి, ఇంటరు చదివే ఒక అమ్మాయి సెల్‌ఫోన్ పట్టుకొని నిలబడి ఉన్నది. 124 కాంతి సంవత్సరముల దూరములో ఒక గ్రహము మీద జీవపు గుర్తులు దొరికినవని వార్త. దాని క్రింద ఎవరో పంపిన మాటలు రెండు. బైబిలు అబద్ధమని తేలిపోయినదని ఒకరు, అక్కడున్నవి అంత్యదినముల దయ్యములని మరొకరు. ఆ అమ్మాయి ఆ రెండూ పట్టించుకోలేదు. "అయ్యగారూ, ఇవ్వాళ మనం ధ్యానించిన సిలువ అక్కడి వాళ్ళకి కూడా చెందుతుందాండీ?" అని అడిగింది.

పదమూడేండ్ల క్రిందటి ప్రశ్నే. ప్రక్కన కానుకల సంచి మడత పెడుతున్న ఆ తండ్రి కూడా విన్నాడు. తల ఎత్తి మా వంక చూసి, సంచి బల్ల మీద పెట్టి, చెప్పులు వేసుకొని వెళ్ళిపోయాడు.

"మాకు తెలియదమ్మా. తెలుసుకొని చెబుతాము" అన్నాము.

ఆ రాత్రి మా సతీమణి భోజనము వడ్డిస్తూ, "తెలిసినవాడు మన ఊరివాడే ఉన్నాడు గదా. అడగడానికి మీకు కాళ్ళు రావడం లేదు, అంతే" అన్నది. నిజమే. ఆ పిల్లవాడు ఎమ్మెస్సీ చేసి పట్నములో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్సు లెక్చరరుగా పనిచేయుచున్నాడు. ఈస్టరు వెళ్ళిన సోమవారము ఇద్దరమూ పల్లెవెలుగు బస్సు ఎక్కాము.

"రండి" అన్నాడు. వందనాలు అనలేదు. టీ పెట్టి ఇచ్చాడు. మేము దారి పొడుగునా సిద్ధపరచుకొన్న మాటలన్నీ మరచిపోయి, "బాబూ, ఆనాడు తప్పు చేశాము" అని మాత్రము అనగలిగాము. కాసేపు మాట్లాడలేదు. తరువాత, "పుస్తకం పోయినందుకు కాదండీ. దాన్ని పొయ్యిలో పెడుతూ మా నాన్న ఏడ్చాడు. చదువు రానివాడు, అందులో ఏముందో ఆయనకి తెలియదు. మీరన్నారని పెట్టాడు" అన్నాడు. దానికి మేము చెప్పగలిగినదేమీ లేదు. అతడే లేచి ఒక తెల్లకాగితము తెచ్చుకొని, "సరే, మీ ప్రశ్న ఏమిటో చెప్పండి" అన్నాడు.

ఆ వేసవిలో అయిదుసార్లు వెళ్ళాము. అక్కడ నేర్చుకొన్నదే ఇక మీదట వ్రాయుచున్నాము. పొరపాట్లుంటే అవి పాఠము చెప్పినవానివి కావు.

మా చిన్ననాడు బడిలో గ్రహములు తొమ్మిది అని వల్లె వేశాము. 2006లో ప్లూటోను మరుగుజ్జు గ్రహముగా లెక్కించారు గనుక ఇప్పుడు ఎనిమిది. అయితే ఇవి మన సూర్యుని ఇంటివి మాత్రమే. రాత్రివేళ కనబడే ప్రతి నక్షత్రము ఒక సూర్యుడే. వాటి చుట్టును గ్రహములు ఉండవచ్చునని పూర్వము నుండి ఊహ ఉన్నది గాని, చూచినవారు లేరు. 1992లో అలెగ్జాండర్ వోల్ష్‌చాన్, డేల్ ఫ్రెయిల్ అనే ఇద్దరు ఒక చచ్చిపోయిన నక్షత్రము చుట్టు తిరుగుచున్న గ్రహములను కనిపెట్టారు. 1995లో మిషెల్ మేయర్, డిడియే కెలో అనే స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులు మన సూర్యుని వంటి నక్షత్రము చుట్టు ఒక గ్రహమును కనిపెట్టారు. దానికి 2019లో వారికి నోబెల్ బహుమానము వచ్చినది. ఇప్పుడు ఆ లెక్క ఎంత అనుకొన్నారు? 2025 సెప్టెంబరు నాటికి 6,000 దాటినది.

అంత దూరమున ఉన్నదానిని ఎట్లు చూచారు? చాలావరకు చూడలేదు. ఇది మాకు చాలా నచ్చిన సంగతి. మన పెద్దలు కుటుంబ కూడికలలో పెట్రోమాక్సు లైటు వెలిగించేవారు, జ్ఞాపకమున్నదా? వీధి చివర నిలబడి ఆ లైటును చూస్తే, దాని ముందు తిరిగే పురుగు మనకు కనబడదు. అయితే పురుగు అడ్డము వచ్చినప్పుడెల్లా లైటు రవ్వంత తగ్గుతుంది. అట్లు తగ్గడము సరిగ్గా లెక్క ప్రకారము మళ్ళీ మళ్ళీ జరిగితే, అక్కడ ఏదో తిరుగుచున్నదని తెలియును. గురుగ్రహము మన సూర్యునికి అడ్డము వస్తే, దూరమునుండి చూచేవారికి నూటికి ఒక వంతు వెలుగు తగ్గును. మన భూమి అడ్డము వస్తే లక్షకు ఎనిమిది వంతులే తగ్గును. అంత సన్నని తేడాను పట్టుకొనుటకు 2009లో అమెరికావారు కెప్లర్ అనే టెలిస్కోపును ఆకాశమునకు పంపారు. అది 2018లో పని ముగించేలోగా తెచ్చిన సమాచారములో నుండి 2,600కు పైగా గ్రహములు బయటపడినవి.

రెండవ పద్ధతి, నక్షత్రము ఊగడమును కనిపెట్టడము. తండ్రి పసిపిల్లను రెండు చేతులు పట్టుకొని గిరగిర త్రిప్పితే పిల్లతోపాటు తండ్రి కూడా కొంచెము ఊగుతాడు గదా. అట్లే గ్రహము తిరుగుతూ తన సూర్యుని ఊపును. 1995లో కనిపెట్టినది ఆ విధముగానే. మన దేశములోనూ, రాజస్థానులోని ఆబూ కొండ మీది టెలిస్కోపుతో అహమ్మదాబాదు ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ వారు 2018లో ఇదే పద్ధతిన ఒక గ్రహము బరువు తూచి ప్రకటించారు. అది భూమికి సుమారు 27 రెట్లు బరువు. తన సూర్యుని చుట్టు పందొమ్మిదిన్నర దినములలో తిరిగివచ్చును.

ఇక రకములు. ఇక్కడే మాకు కళ్ళు తెరుచుకొన్నవి.

మన ఇంటి లెక్క ప్రకారము సూర్యునికి దగ్గరగా రాతి గ్రహములు, దూరముగా పెద్ద పెద్ద వాయు గ్రహములు ఉండవలెను. అన్ని చోట్లా అట్లే ఉండునని పండితులు సహితము అనుకొన్నారు. 1995 నాటి గ్రహము ఆ అనుకోవడమును పడగొట్టినది. గురుగ్రహములో దాదాపు సగము బరువుండే వాయు గ్రహము తన సూర్యుని అంటిపెట్టుకొని 4 దినములకే ఒక చుట్టు తిరిగివచ్చుచున్నది. మనకు సోమవారమునకు, శుక్రవారమునకు మధ్య అక్కడ ఒక సంవత్సరము గడచిపోవును! ఇట్టివాటికి వేడి గురుగ్రహములు అని పేరు పెట్టారు. వాటికి నిలబడుటకు నేల లేదు. సలసల కాగే గాలి మాత్రమే.

తరువాత మన నెప్ట్యూన్ వంటివి, మంచు, వాయువులు కలిసినవి. వాటిని గూర్చి ఎక్కువ చెప్పము. మమ్మును ఆశ్చర్యపరచినది సూపర్ ఎర్త్ అనే రకము, అంటే భూమికంటె పెద్దది, నెప్ట్యూన్ కంటె చిన్నది. భూమికి పది రెట్ల బరువు వరకు ఉన్నవాటిని ఈ పేరుతో పిలుతురు. పేరు విని భూలోక స్వర్గమనుకొనేరు. పెద్ద భూమి అని పరిమాణమును బట్టి పెట్టిన పేరే గాని, అక్కడ మామిడి తోటలున్నవని కాదు. ఇంతవరకు దొరికిన గ్రహములలో భూమికిని నెప్ట్యూన్‌కును నడిమి కొలతవే మిక్కిలి ఎక్కువ. అయినను మన సూర్యుని ఇంటిలో ఆ కొలత గ్రహము ఒక్కటియు లేదు. ఊరందరి ఇంట ఉన్న పాత్ర మన ఇంట లేకపోవడము వంటిది. ఎందుకు లేదో అడిగితే, ఇంకా వెదకుచున్నారని మా గురువు చెప్పాడు. గురువు అని ఊరకనే అనలేదు. ఆ వేసవిలో అతడు మాకు గురువే.

చివరి రకము, భూమివంటి రాతి గ్రహములు. ఇవి చిన్నవి గనుక దొరకడము కష్టము. దొరికినవాటిలో కొన్ని భయంకరమైనవి. 55 కాంక్రి-ఇ అనేదానికి 18 గంటలలోపే సంవత్సరము ముగియును. పైభాగమంతా కరిగిన రాయే అయి ఉండునని అంచనా. ట్రాపిస్ట్-1 అనే చిన్న ఎర్ర నక్షత్రము చుట్టు ఏడు రాతి గ్రహములు ఉన్నట్టు 2017లో ప్రకటించారు. దూరము సుమారు 40 కాంతి సంవత్సరములు. ఏడును కలిపి మన బుధగ్రహపు దారికి లోపలనే ఇమిడిపోవును. వాటిలో ప్రతిదానికి ఒక ప్రక్క ఎప్పుడును పగలు, మరియొక ప్రక్క ఎప్పుడును రాత్రి అయి ఉండవచ్చునట. అన్నట్టు, ఏ సూర్యుడును లేక చీకటిలో తిరుగుచుండే గ్రహములు కూడా ఉన్నవి. మా సతీమణి అది విని, "అనాథలు" అన్నది.

కాంతి సంవత్సరము అనగా కాలము కాదు, దూరము. వెలుగు ఒక సంవత్సరములో ప్రయాణము చేసే దూరము, సుమారు 9.46 లక్షల కోట్ల కిలోమీటర్లు. మన సూర్యుని విడిచిన తరువాత అన్నిటికంటె దగ్గర నక్షత్రము ప్రాక్సిమా సెంటారి 4.2 కాంతి సంవత్సరముల దూరములో ఉన్నది. దాని చుట్టు కూడా భూమివంటి బరువు గల గ్రహము ఉన్నట్టు 2016లో తెలిసినది. 1977లో పంపిన వాయేజర్ నౌక వేగముతో అక్కడికి పోవలెనంటే 70,000 సంవత్సరములు చాలవు. కాబట్టి ఎగిరే పళ్ళెములలో వాళ్ళు దిగి వచ్చారని మీకెవరైనా చెబితే, ఈ లెక్క ఒకసారి అడగండి.

మరి ఆ ఏప్రిల్ వార్త సంగతి? ఆ గ్రహము పేరు కె2-18బి. సింహరాశి వైపు ఉన్నది. భూమికి 8 రెట్లకు పైగా బరువు. 124 కాంతి సంవత్సరముల దూరమంటే, ఈనాడు మనకు అందే వెలుగు సుమారు 124 ఏండ్ల క్రిందట అక్కడ బయలుదేరినది. 2021 క్రిస్మస్ నాడే పైకి పంపిన జేమ్స్ వెబ్ టెలిస్కోపుతో దానిని పరిశీలించినది కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు బృందము. నాయకుడు నిక్కు మధుసూదన్, మన దేశస్థుడే. ఆ గ్రహపు గాలిలో డైమిథైల్ సల్ఫైడ్ అనే వాయువు జాడ ఉన్నట్టు కనబడినదని వారు ప్రకటించారు. మన భూమి మీద ఆ వాయువును ముఖ్యముగా సముద్రములోని కంటికి కనబడని నాచువంటి జీవులు పుట్టించును. కడలి ఒడ్డున మనకు తగిలే వాసనలో దాని పాలు కూడా ఉన్నది.

ఇంతవరకు నిజము. జీవము దొరికినదని వారు చెప్పలేదు. యాదృచ్ఛికముగా అట్లు కనబడే అవకాశము వెయ్యింటికి మూడు వంతులు ఉన్నదని వారే వ్రాశారు. శాస్త్రజ్ఞులు రూఢి అని చెప్పుటకు అంతకంటె ఎన్నో రెట్లు గట్టి సాక్ష్యము కావలెను. వేరే బృందములు అదే సమాచారమును తిరిగి లెక్కించి, ఆ జాడ గట్టిది కాదన్నవి. పైగా జీవమేమియు లేని ఒక తోకచుక్క మీద కూడా ఆ వాయువు ఉన్నట్టు 2024లోనే బయటపడినది. "ఇద్దరు ముగ్గురు సాక్షుల నోట స్థిరపడాలని మీరే చెబుతారు గదండీ, మా దగ్గరా అంతే" అన్నాడు ఆ అబ్బాయి. మందిరము విడిచి పదేండ్లు దాటినా ఆ మాట మరువలేదు. మేము ఏమియు అనలేదు గాని బస్సులో వస్తూ దానినే తలచుకొన్నాము.

దగ్గరలో కూడా వెదకుచున్నారు. అంగారకుని మీద 2021లో దిగిన పెర్సివరెన్స్ బండి, ఒకప్పుడు ఏరు పారిన చోట, చిరుతపులి చర్మమువంటి మచ్చలున్న ఒక రాతిని చూచి 2024లో దానిలోని ముక్క తీసి భద్రపరచినది. భూమి మీదనైతే అట్టి మచ్చలు సూక్ష్మజీవుల వలన ఏర్పడుట కద్దు. జీవము లేకుండ కూడా ఏర్పడవచ్చును. 2025 సెప్టెంబరులో ఆ సంగతి ప్రకటించినప్పుడు ఈ రెండు మాటలును కలిపే చెప్పారు. బెన్ను అనే చిన్న గ్రహశకలము నుండి 2023లో తెచ్చిన మట్టిలో, జీవులు మాంసకృత్తులకు వాడుకొనే 20 ఎమైనో ఆమ్లములలో 14 దొరికినవి. ఇటుకలు దొరికినవన్నమాట. ఇల్లు దొరకలేదు.

జీవము అనగానే మన మనస్సులో మనిషి మెదులును. వారు వెదకుచున్నది ముఖ్యముగా నాచు, బూజు, సూక్ష్మజీవులను. మాట్లాడేవారిని కూడా వెదకకపోలేదు. 1960లో ఫ్రాంక్ డ్రేక్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు పెద్ద రేడియో గొట్టముతో రెండు నక్షత్రముల వైపు చెవి పెట్టి విన్నాడు. అప్పటినుండి ఎందరో వినుచున్నారు. ఇంతవరకు ఎవరును పలకలేదు.

ఇక ఆ ప్రశ్న. పిల్లవాడు అడిగిన ప్రశ్న.

బైబిల్లో లేని సంగతి అని మేము కసిరామే, మన పెద్దలు అట్లు కసరలేదు. ఇది మేము సిగ్గుపడి నేర్చుకొన్న రెండవ పాఠము. వేదాంత కళాశాలలో చదివినప్పుడు సంఘచరిత్రకు మంచి మార్కులే వచ్చినవి గాని, ఈ సంగతి మా కంట పడలేదు. లూథరు గారి సహచరుడైన మెలాంక్తన్ 1549లోనే ఈ విషయమును తర్కించాడు. క్రీస్తు ఒక్కసారే మరణించి లేచాడు గనుక, వేరే లోకములలో మనుష్యులుండి వారి కొరకు మళ్ళీ మళ్ళీ మరణించుట పొసగదు, కాబట్టి అట్టి లోకములు లేవని ఆయన వాదము. మా పిల్లవాడు వేసిన చిక్కే అది. తొమ్మిదవ తరగతిలో! జోహన్నెస్ కెప్లర్, ఆ టెలిస్కోపుకు ఎవరి పేరు పెట్టారో ఆయన, ట్యూబింగెన్‌లో వేదాంతము చదివి లూథరను కాపరి కావలెననుకొన్నవాడు. 1594లో గ్రాజ్ పట్టణమునకు లెక్కల ఉపాధ్యాయునిగా పంపబడ్డాడు. గురుగ్రహమునకు నాలుగు చంద్రులున్నవని 1610లో గెలీలియో కనిపెట్టగా, ఆ చంద్రులు మనకు కనబడవు గనుక గురుగ్రహవాసుల కొరకే ఉండవలెనని కెప్లర్ వ్రాశాడు. పాపము, నిలబడే నేల కూడా లేని చోట ఆయన మనుష్యులను కూర్చుండబెట్టాడు.

స్కాట్లాండులో థామస్ ఛామర్స్ అనే కాపరి గ్లాస్గో పట్టణమందు 1815 నుండి గురువారములలో ఖగోళశాస్త్రమును గూర్చి ప్రసంగించాడు. వ్యాపారస్తులు పని వేళలో అంగళ్ళు విడిచి వచ్చి వినేవారట. ఇంత గొప్ప విశ్వమును చేసినవాడు ఈ చిన్న భూమిని పట్టించుకొనునా అనేవారికి ఆయన జవాబు చెప్పాడు. 1817లో అవి పుస్తకముగా వచ్చినవి. సి. ఎస్. లూయిస్ 1958లో వ్రాసిన ఒక వ్యాసములో మాత్రము ముందు ప్రశ్నలను వరుసలో పెట్టమన్నాడు. అక్కడ జీవులున్నవా? ఉంటే మనవలె ఆత్మ గలవా? ఆత్మ ఉంటే మనవలె పాపములో పడ్డవా? పడితే వాటి విమోచనకు దేవుడు వేరు మార్గము ఉంచలేదని మనకెట్లు తెలియును? ఇవన్నీ దాటితే గాని మన ప్రశ్న రాదు. ఇప్పుడు మనము మొదటి మెట్టు దగ్గరే నిలబడి ఉన్నాము.

కొందరు ప్రసంగీకులు యోహాను సువార్త పదవ అధ్యాయములోని వేరే గొర్రెల మాట చూపి, అవి గ్రహాంతరవాసులే అని చెప్పుచున్నారు. అట్లు చెప్పవద్దని మా మనవి. ఆ మాట అన్యజనులను గూర్చినది, అనగా మనలను గూర్చినది. మన వంతును తీసి ఎక్కడో ఉన్నారో లేరో తెలియనివారికి ఇవ్వనేల? కొలస్సయులకు వ్రాసిన పత్రిక మొదటి అధ్యాయములో పౌలు సిలువ ద్వారా కలిగిన సమాధానమును భూమికి మాత్రమే పరిమితము చేయలేదు. అది మాకు ఆదరణ. అందులో గ్రహముల లెక్క వెదకము. ఆదికాండము మొదటి అధ్యాయములో నక్షత్రముల సృష్టికి దొరికిన చోటు ఎంతో చూడండి, వాక్యము చివర ఒక చిన్న ముక్క. ఇన్ని కోట్ల సూర్యులకు అంతే. వ్రాయనిది చాలా ఉన్నదని అర్థము కాదా?

ఆగస్టు యౌవనుల కూడికలో ఇదంతయు చెప్పి, చివర ఆ అమ్మాయితో, "నీవు అడిగినదానికి మాకు ఇంకా తెలియదమ్మా" అన్నాము. "అయితే ఎవరికీ తెలియదన్నమాట" అని సంతోషముగా కూర్చున్నది. ఆ సంతోషము ఎందుకో మాకు అర్థము కాలేదు గాని, తరువాత ఇంటికి వచ్చి ఆ పేర్లన్నీ వ్రాసుకొని వెళ్ళినది.

2026 జనవరిలో సంక్రాంతి సెలవులకు ఆ అబ్బాయి ఊరికి వచ్చాడు. కాలేజీవారిని అడిగి చిన్న టెలిస్కోపు ఒకటి తెచ్చాడు. మా సతీమణి పిలిస్తే మందిరపు ఆవరణలో దానిని పెట్టడానికి ఒప్పుకొన్నాడు. మందిరము లోపలికి రాలేదు. మేము రమ్మని అడగలేదు. వీధిదీపము తీయించాము. తూర్పున గురుగ్రహము అన్ని చుక్కలకంటె పెద్దగా వెలుగుచున్నది. పిల్లలు, ఆడవారు వరుస కట్టారు. ఆ అమ్మాయి నాయనమ్మ కంటద్దములు తీసి చూచి, "పెద్ద చుక్కకి అటూ ఇటూ నాలుగు చిన్న చుక్కలు, ముగ్గులో పెట్టినట్టున్నాయి" అన్నది. గెలీలియో 416 సంవత్సరముల క్రిందట ఇదే జనవరిలో చూచినవి ఆ నాలుగే.

అందరును అయిన తరువాత వాళ్ళ నాన్న వచ్చాడు. అంతవరకు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. భుజము మీది తువ్వాలు తీసి చేతికి చుట్టుకొని వంగాడు. కొడుకు ప్రక్కన చేరి, "ఆ నాలుగింటిలో ఒకటి యూరోపా నాన్నా. పైనంతా మంచుగడ్డ. దాని కింద సముద్రం ఉందంటున్నారు. మన సముద్రాలన్నీ కలిపినా దానిలో సగమే. 2024లో ఒక నౌక బయలుదేరింది, 2030కి అక్కడికి చేరుతుంది" అన్నాడు.

ఆయన చాలాసేపు కన్ను తీయలేదు.

"ఉప్పునీళ్ళా, మంచినీళ్ళా?"

"ఉప్పునీళ్ళే అంటున్నారు."

"అయితే వరి పండదు" అన్నాడు.

కొడుకు నవ్వాడు. భూమి తిరుగుచున్నందువలన గ్రహము అద్దములో నుండి ప్రక్కకు జరిగిపోవుచున్నది. "ఉండు నాన్నా, మళ్ళీ పెడతాను" అని గొట్టము కొంచెము త్రిప్పాడు.